ఇద్దరూ "నీదే" అన్న డోలు

నేను ఒక డోలుని. కాస్త ఇటు జరిగి కూర్చోండి నాయనా, నా ఎడమ మొహం వైపు. కుడి మొహం తోలు వదులైపోయింది, ఈ మధ్య అటునుంచి మాట సరిగ్గా పలకదు. వయసు మాత్రం అడక్కండి. నన్ను చేసినాయనకి అప్పుడు పళ్ళన్నీ ఉన్నాయి, తర్వాత ఆయన మనవడికి పళ్ళూడటం కూడా చూశాను. నాకు తెలిసిన లెక్క అంతే.

పుట్టింది ఇరాన్ దేశంలో, బూషెహర్ అనే సముద్రపు ఊళ్ళో. ఎండాకాలం అక్కడ గాలి పీలిస్తే చేపలకుండ మూత తీసి ఆవిరి పీల్చినట్టుంటుంది. అక్కడ నాలాంటిదాన్ని దమ్మామ్ అంటారు. మెళ్ళో వేసుకుని ఒక పక్క కర్రతో, ఇంకో పక్క అరచేత్తో వాయిస్తారు. నా చెక్క ఏ దేశానిదో తెలీదు, పడవలో వచ్చిందట. తోలు మటుకు రెండు మేకలది. బతికుండగా ఆ రెండూ రోజూ కుమ్ముకునేవట, అందుకే నా రెండు మొహాలూ ఎన్నడూ ఒక శ్రుతిలో ఉండవని ఊళ్ళో వేళాకోళం.

నన్ను చేయించుకున్నది ఒక పడవ సరంగు. మొహర్రం ఊరేగింపులో నాచేత ఏడిపించాడు, కొత్త పడవ నీళ్ళలో దించినప్పుడు నాచేత నవ్వించాడు. మనుషులకి ఏడవాలన్నా డోలే కావాలి, నవ్వాలన్నా డోలే కావాలి. లోపల గుండె ఒకటి ఊరికే కొట్టుకుంటూనే ఉంటుంది కదా, అది చాలదా అనుకునేదాన్ని. సరంగు పోయాక కొడుకు చేతికి, కొడుకు పోయాక మనవడు ఖోదాదాద్ చేతికి వచ్చాను.

ఖోదాదాద్ రొట్టెలు కాల్చేవాడు. పిండి పిసికిన చేతులు కదా, దెబ్బ మెత్తగా పడేది, కానీ లోపలిదాకా దిగేది. అతనికి ఫుట్‌బాల్ పిచ్చి. ఊళ్ళో ఆట ఉందంటే బట్టీలో రొట్టె మాడుతున్నా సరే నన్ను మెళ్ళో వేసుకుని పరిగెత్తేవాడు.

అతని పిచ్చి పిచ్చే కాదు, వాళ్ళక్క మహ్‌రుఖ్ పిచ్చి ముందు. నాలుగేళ్ళు పెద్దది. కానీ ఆ రోజుల్లో ఆడవాళ్ళని స్టేడియంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. పాపం మైదానం దగ్గర్లో చుట్టాలింటి డాబా ఎక్కి, గోడ అవతల్నుంచి వచ్చే కేకలు వినేది. తమ్ముడు ఇంటికొచ్చి చెబుతుంటే కళ్ళతో చూసినదానిలా అడ్డం తగిలేది. "అది ఫౌల్ ఎట్లా అవుతుందిరా! రిఫరీకి కళ్ళు లేవా?" అనేది. "నువ్వు చూశావా?" అని వీడు. "చూడాలా? జనం అరుపులోనే తెలిసిపోయింది" అని ఆవిడ. చూడని ఆట మీద అంత పంచాయితీ చేసిన మనిషిని నేను మళ్ళీ ఎక్కడా ఎరగను.

తర్వాత ఆవిడ పెళ్ళి చేసుకుని స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే మంచు ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు నా మీద చెయ్యి వేసి, "ఎప్పటికైనా ఒక్క ఆట పక్కపక్కన కూర్చుని చూడాలి తమ్ముడూ" అంది. ఆ ఒక్క ఆటకి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

గల్ఫ్‌లో ఒక ఊరు, పేరెందుకులెండి, అక్కడ ఇరాన్ జట్టు ఆట. బూషెహర్ నుంచి నలభైమందితో ఖోదాదాద్, చంకలో నేను. స్వీడన్ నుంచి మహ్‌రుఖ్, వెంట కూతురు తరానె. తరానె పళ్ళ డాక్టరు. పుట్టింది పెరిగింది అక్కడే. ఆమె మాట్లాడే ఫార్సీ పళ్ళు పీకించుకున్నవాడి మాటలా ఉండేది కానీ, మనసు మాత్రం బంగారం.

గేటు దగ్గర వాళ్ళు కలుసుకున్న తీరు ఏం చెప్పను. అక్కాతమ్ముడూ కావిలించుకుని ఏడ్చిన ఏడుపుకి నా తోలు తడిసి శ్రుతి దిగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఎవరి విమానం వాళ్ళది. వాళ్ళకున్నది ఆ ఒక్క సాయంత్రమే. మహ్‌రుఖ్ టికెట్ల సంగతి కనుక్కోవడానికి అటు వెళ్ళింది. అదిగో, ఆ రెండు నిమిషాల్లోనే కొంప మునిగింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ దేశంలో తారోఫ్ అని ఒక మర్యాద ఉంది. మన మొహమాటానికి మేనమామ అనుకోండి. ఎవరైనా నీ వస్తువు బాగుందంటే "నీదే, తీసుకో" అనాలి. అవతలివాళ్ళు వద్దనాలి. మళ్ళీ తీసుకోమనాలి, మళ్ళీ వద్దనాలి. మూడుసార్లు అయ్యాక ఎవరి వస్తువు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. అక్కడ పుట్టిన పసివాడికైనా తెలిసిన విద్య ఇది. తరానెకి తెలీదు.

"దాయీ జాన్, ఈ డోలు ఎంత బాగుందో!" అంది. దాయీ అంటే మేనమామ, జాన్ ముద్దుకి.

"నీదేనమ్మా, తీసుకో" అన్నాడు ఖోదాదాద్, తరతరాల అలవాటుగా.

"నిజంగానా? థాంక్స్ దాయీ!" అని ఆ పిల్ల నన్ను తీసి మెళ్ళో వేసుకుని చక్కా వెళ్ళిపోయింది.

ఖోదాదాద్ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. మూడు తరాల డోలు ఒక్క మాటకి పోయింది! ఇచ్చినమాట వెనక్కి తీసుకుంటే మనిషే కాదు. నోరు తెరిచి అడిగితే పరువే లేదు. పక్కనున్న గులామ్, వలలు అల్లేవాడు, నోరు వెళ్ళబెట్టి, "ఒరేయ్, నీ పళ్ళు బాగున్నాయంటే అవి కూడా ఇచ్చేస్తావా ఏంటి?" అన్నాడు.

లోపలికి వెళ్ళాక ఇంకో గొడవ. దేశం నుంచి వచ్చినవాళ్ళు మెట్లకి ఇటు, బయటిదేశాల్లో స్థిరపడ్డవాళ్ళు అటు. ఆ ఏడాది దేశంలో సర్కారుని ఎదిరించినవాళ్ళని చంపేశారు, చాలా ఇళ్ళల్లో కన్నీళ్ళున్నాయి. అందుకని అటువాళ్ళు చప్పట్లు కొట్టకూడదు, చేతులు కట్టుకుని కూర్చోవాలి అని ఒట్టు పెట్టుకున్నారు. మహ్‌రుఖ్ కూడా ఆ ఒట్టులో ఉంది, టికెట్టూ అటే. ఇటువాళ్ళు అరవడానికే వచ్చారు.

టొరంటో నుంచి వచ్చిన ఇంజినీరొకాయన మెట్ల మీంచి కేకేశాడు: "అక్కడ జనం ఏడుస్తుంటే ఇక్కడ చిందులేంటయ్యా? సిగ్గనిపించట్లేదా?"

గులామ్ ఊరుకుంటాడా? "ఆ ఏడ్చే జనం మేమేనయ్యా! ఈ తొంభై నిమిషాలైనా నవ్వుకోనివ్వవా?"

"మీరు నోరు మూసుకోవడానికి అలవాటు పడ్డారు. మీ బదులు మేం అరుస్తున్నాం అక్కడ!"

"ఆహా! నాలుగేళ్ళకోసారి జట్టు రంగుల కొత్త బనీను తొడుక్కుని వస్తావు. మన గోల్‌కీపర్ పేరు చెప్పు చూద్దాం! చెప్పు!"

పాపం ఇంజినీరు ఆ పేరు చెప్పలేక పక్కవాడి ఫోన్‌లోకి తొంగి చూశాడు. ఇటువైపు నలభైమందీ గొల్లున నవ్వారు, నోట్లో నములుతున్న పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఎగిరింది. నిజం చెప్పొద్దూ, నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది. నాకు రెండు మొహాలు కదా, ఆ సౌకర్యం ఉంది. మనుషులకి ఒక్కటే.

ఆట మొదలైంది. డోలు లేక ఇటువాళ్ళ చప్పట్లు తాళం తప్పి, వడగళ్ళు రేకుల మీద పడ్డట్టు పడుతున్నాయి. ఖోదాదాద్ నోట్లో గింజలు నములుతున్నాడే గానీ పొట్టు ఉమ్మడం మరిచాడు. అటు, చేతులు కట్టుకున్న జనం మధ్య, తరానె ఒళ్ళో నేను. అక్క పక్కన తమ్ముడు లేడు, తమ్ముడి దగ్గర నేను లేను. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసింది ఇందుకా అని నా కడుపు తరుక్కుపోయింది. మాది ఖాళీ కడుపేలెండి, అయినా తరుక్కుపోయింది.

ఆట మీంచి కళ్ళు తిప్పని మహ్‌రుఖ్, అరగంట గడిచాక పక్కకి తిరిగి నన్ను చూసింది.

"ఇదెక్కడిది?"

"దాయీ ఇచ్చాడమ్మా. నీదే అన్నాడు."

"ఎన్నిసార్లు అన్నాడు?"

"ఎన్నిసార్లేమిటి? ఒకసారి."

మహ్‌రుఖ్ నెత్తి కొట్టుకుంది. "ఒక్కసారికే తీసుకున్నావా! మా తాత డోలది! అయ్యో, స్వీడన్‌లో పుట్టించి నేనే చెడగొట్టాను నిన్ను!" అని నన్ను లాక్కుని లేచింది.

ఇంజినీరు అడ్డం లేచాడు. "ఎక్కడికమ్మా? ఆ డోలు అటు వెళ్తే వాళ్ళు వాయిస్తారు. మన ఒట్టేం కావాలి?"

"నేను చప్పట్లు కొట్టను నాయనా, ఒట్టు ఒట్టే. కానీ తమ్ముడి డోలు తమ్ముడికి ఇవ్వనని నేనేమీ ఒట్టు పెట్టలేదు. జరుగు."

మధ్య మెట్ల మీదికి వచ్చి నించుంది. ఇటునుంచి ఖోదాదాద్ లేచి వచ్చాడు. ఆవిడ నన్ను ముందుకు చాపింది. తీసుకోవచ్చు కదా మనిషి! ఉహూ.

"ఛ ఛ, ఇచ్చింది ఇచ్చిందే అక్కా. పిల్లదే అది."

"పిల్లకి బుద్ధి లేదు, నీకూ లేదా? తీసుకో."

"నీ మీద ఒట్టు, తీసుకోను."

"తీసుకోకపోతే నా శవాన్ని చూసినట్టే!"

మూడు దాటింది, ఆరు దాటింది, నాకే లెక్క తప్పింది. నా తాడు అటోసారి ఇటోసారి లాగి చెక్కంతా కీళ్ళు సడలాయి. మెట్లకి అటూ ఇటూ జనం ఆట వదిలేసి వీళ్ళనే చూస్తున్నారు. చేతులు కట్టుకున్నవాళ్ళు, గింజలు నమిలేవాళ్ళు, అందరూ "తీసుకోవయ్యా!" "ఇవ్వకమ్మా!" అని తీర్పులు. ఆ మెట్ల దగ్గర కాపలా ఉన్నది మన తెలుగువాడే, జగిత్యాల దగ్గరి గంగారాం. భాష తెలియకపోయినా తగువు తెలిసింది వాడికి. "అమ్మా, కాకా, మెట్ల మీద నిలవడొద్దు, జరగుండ్రి!" అంటున్నాడు.

అప్పుడే స్టేడియం అంతా ఒక్కసారిగా బద్దలైంది. గోల్!

ఎవరు కొట్టారు? ఎవరికి పడింది? మా రెండువైపులా ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చూడలేదు. గులామ్ ఇంజినీరు భుజం పట్టుకుని "ఎవరిదయ్యా? మనదేనా?" అని ఊపేస్తున్నాడు. ఇంజినీరు గులామ్ చొక్కా పట్టుకుని "మనదేనా? మనదేనా?" అని వణుకుతున్నాడు. ఇంతసేపూ మీరు, మేము అని అరిచిన నోళ్ళే! పెద్ద తెర మీద మళ్ళీ చూపించారు. మాదే. ఇద్దరూ ఒకర్నొకరు వాటేసుకుని గెంతారు. నాలుగు గెంతులయ్యాక ఇంజినీరుకి ఒట్టు గుర్తొచ్చింది. చటుక్కున వదిలేసి చేతులు కట్టుకున్నాడు, మొహం మాత్రం కట్టుకోలేకపోయాడు.

మహ్‌రుఖ్ మళ్ళీ తన సీటుకి వెళ్ళలేదు. ఆ మెట్టు మీదే కూలబడి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. గంగారాం లేపబోయాడు, ఇద్దరి మొహాలూ చూసి అటు తిరిగి నించున్నాడు. "ఏం జేస్తం, మా ఇంట్ల గూడ గిదే పంచాయితి. నేను సెలవుల ఇంటికి పోతె మా తమ్ముడంటడు, దూరం కూసున్నోనివి, ఊరి సంగతి నీకేం ఎరుక అని" అని తనలో తనే గొణుక్కున్నాడు.

ఆవిడ చప్పట్లు కొట్టలేదు. చివరిదాకా కొట్టలేదు, ఒట్టు ఒట్టే. కానీ నన్ను ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. అతను పక్కనుంచి వాయించాడు. మధ్యమధ్యలో "అది ఫౌల్ ఎట్లా అవుతుందిరా!" అంది, ఈసారి కళ్ళారా చూసి. ఆట ఒకటి ఒకటితో సమానంగా ముగిసింది. నా బతుకులో నేను అంత బాగా మోగింది ఎన్నడూ లేదు. ఏడుపో నవ్వో అడిగితే మాత్రం చెప్పలేను.

ఇక బయట గేటు దగ్గర. రెండు బస్సులు రెండువైపులా హారన్లు కొడుతున్నాయి. మళ్ళీ మొదలు. "తీసుకెళ్ళు తమ్ముడూ." "నీ దగ్గరుంటే నేనున్నట్టే అక్కా, నువ్వే తీసుకెళ్ళు." చివరికి మహ్‌రుఖ్ నన్ను, ఆట అయ్యాక గేటు కాపలాకి వచ్చిన గంగారాం కుర్చీలో పెట్టి, "ఇదిగో, ఇక్కడ పెట్టాను, నీదే, నేను వెనక్కి చూడను" అని వెళ్ళిపోయింది. ఖోదాదాద్ "నేనూ ముట్టను, నీదే" అని అటు తిరిగి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే మనస్ఫూర్తిగా ఇవ్వలేదని అర్థం. ఇద్దరూ చూడలేదు. "ఓ అమ్మా! ఓ కాకా! డోలు!" అని గంగారాం రెండు బస్సుల వెనకా ఉరికాడు. రెండూ వెళ్ళిపోయాయి.

పోయిన సామాన్ల గదిలో గొడుగుల మధ్య ఏడాది ఉన్నాను. ఎవరూ అడగలేదు. తుక్కులో వేసేస్తామంటే గంగారాం పాపమని దుప్పట్లో చుట్టి జగిత్యాల తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాళ్ళింటి గోడ మేకుకి ఉన్నాను, సుఖంగానే.

వాళ్ళు నా గురించి ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అడిగితే, ఇచ్చినదాన్ని మళ్ళీ కోరినట్టు అవుతుంది కదా. అందుకని ఫోన్‌లో అన్నీ మాట్లాడుకుంటారు, నా మాట ఒక్కటీ రానివ్వరు. నేను వెళ్ళాక అవతలివాళ్ళు వెనక్కొచ్చి తీసుకున్నారులే అని ఇద్దరి నమ్మకమూను. బూషెహర్‌లో రొట్టెలు కాలుస్తూ అతను, మా అక్క దగ్గర నా డోలుందని చెప్పుకుంటూ ఉంటాడు. ఆ మంచు ఊళ్ళో ఆవిడ, నా తమ్ముడు ఇప్పటికీ వాయిస్తూనే ఉంటాడని మురిసిపోతూ ఉంటుంది. ఇద్దరికీ ఇచ్చిన తృప్తే.

ఈ కథ మరిచిపోకండి నాయనా. మీ పిల్లలకి చెప్పండి, పక్కింటివాళ్ళకి చెప్పండి, దూరాన ఉన్న మీవాళ్ళతో తగువొచ్చినప్పుడు ఫోన్ చేసి మరీ చెప్పండి. కానీ ఎప్పుడైనా ఆ అక్క గానీ ఆ తమ్ముడు గానీ ఎదురుపడితే, నేను ఈ గోడకి ఉన్నానని మాత్రం చెప్పకండి. "అవతలివాళ్ళ దగ్గర క్షేమంగా ఉందట" అనండి, చాలు.