లాభం పెట్టిన చేయి

సిరోంచ వడ్ల కొనుగోలు కేంద్రంల కొత్త కాంటా దిగిన పొద్దే దానికీ కంప్యూటర్‌కూ పడలేదు. సంచి పెడితే కాంటా మీద అంకె ఎర్రగ మంచిగనే మెరుస్తది. వైరు దాటి కంప్యూటర్ తెర మీదికి వచ్చేసరికి ప్రశ్న గుర్తులు, డబ్బాలు, వంకర గీతలు. నిరుడు దొంగ తూకాలు రాసిండ్రని చేతి రాత బంద్ పెట్టిండ్రు. ఈసారి వైరు మీద వచ్చిన అంకెకే రసీదు. అంకె రాదు, రసీదు లేదు. యాసంగి వడ్లేమో కుప్పలు కుప్పలు మొగులు కింద పడి ఉన్నయి. ప్రాణహిత అవతల ఆకాశం సీసం రంగుకు తిరిగింది.

"ఏందే అరుణా, మిషినికి గాలి సోకిందా?" కుప్ప మీద కూసొని అడిగింది సత్తవ్వ.

కేంద్రంల కంప్యూటర్ ముందర కూసొని రసీదులు కొట్టే అరుణశ్రీ గడ్చిరోలిల ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. "గాలి కాదత్తా. కాంటా నిదానంగ చెప్తున్నది, కంప్యూటర్ ఉరుక్కుంట వింటున్నది. నడుమ ఉన్న ఈ నల్ల డబ్బా ఇద్దరికీ సర్ది చెప్పాలె. దాన్ని వేరే కాంటాకు సర్ది పంపిండ్రు."

"సాహేబు మరాఠీల అడిగితే మన లింగక్క తెలుగుల తలకాయ ఊపుతది చూడు, గట్లన్నట్టు!"

"లింగక్క ఊపితే పని అన్న అయితది. ఇక్కడ గదీ లేదు."

కంపెనీకి ఫోన్ చేస్తే ఇంజినీరు వస్తడు, సీలు ముట్టకు అన్నరు. రేపన్నరు, మళ్ల రేపన్నరు. అరుణశ్రీ కాంటా బటన్లు ఒత్తి ఒత్తి అది ఏ వేగంతో పంపుతదో, ఒక్కో అక్షరాన్ని ఎన్ని బిట్లల్ల కడతదో చూసుకున్నది. డబ్బాల బియ్యపు గింజలంత స్విచ్చులుంటయి. రెండు మూడు జరిపితే చాలు. కాని డబ్బా మీద సీలు. ఆమె భయం స్విచ్చులు కాదు. కుప్పల నడుమ తన తండ్రి కిష్టన్న కుప్ప కూడ ఉన్నది.

"బాపూ, సీలు తీస్తున్న. నీ వడ్లు అందరి ఎనుక. లోకం నోటికి మూత పెట్టలేం."

"ఎనుకనే కానియ్ బిడ్డా. పరదా కప్పిన గదా."

కేంద్రం చూసుకునే విలాస్ లేచి చెప్పులేసుకున్నడు. "నేను చాయ్‌కు పోతున్న. నాకేం తెల్వదు."

సీలు చింపి, స్విచ్చులు జరిపి, కరెంటు తీసి పెట్టి, అరుణశ్రీ తనే కాంటా ఎక్కి నిలబడ్డది. కాంటా మీద యాభై రెండు. తెర మీద యాభై రెండు. జనం కేకలేసిండ్రు.

"ఇగ సంచులు పట్టుండ్రి!" అన్నది.

ఒక్కరు కదల్లేదు. అక్కడ వడ్లు కొలిస్తే మొదటిది ఒకటి కాదు, లాభం. లాభం అని పెట్టి, రెండు నుంచి లెక్క పెడతరు. ఆ మొదటిది చేతివాసి ఉన్నోడు తన గింజతోటి పెట్టాలె. చుట్టుపక్కల ఏ కల్లంల కొలత మొదలైనా కిష్టన్ననే పిలుస్తరు.

"కిష్టన్న లాభం పెట్టకుంట నా సంచి లేవది," అన్నది సత్తవ్వ.

"వద్దత్తా, మావి ఎనుక పెడతం."

"ఉత్త చేతితోటి మొదలు పెడతరానే? నీ చదువుకేం తెలుసు! మొగులు నీ కోసం ఆగుతదా?"

కిష్టన్న బిడ్డ దిక్కు చూసిండు. బిడ్డ మొగులు దిక్కు చూసింది. "ఒక్కటే సంచి, బాపూ."

"లాభం," అని కాంటా మీద సంచి దించిండు కిష్టన్న. మొదటి రసీదు ఆయన పేరు మీద వచ్చింది.

సగం కుప్పలు లేచినయి, సత్తవ్వవి సగం లేచినయి. అప్పుడు కొట్టింది వాన. కిష్టన్న పరదాను గాలి చింపి ఏటి దిక్కు తీసుకపోయింది.

వాన ఎనుకనే తనిఖీకి సాహేబు వచ్చిండు. చినిగిన సీలు చూసిండు. కాంటా బంద్ చేసి పంచనామా మొదలు పెట్టిండు.

"నేను చాయ్‌కు పోయిన సాబ్," అన్నడు విలాస్.

"మొదటి రసీదు ఎవరిది?"

"ఆమె బాపుది," అన్నరు ఎవరో.

ఇంటికాడ తూచుకున్న సంచి కాంటా మీద ఎప్పుడూ తక్కువే తూగుతది. అది ఎరగని రైతు లేడు. అయినా సత్తవ్వ కొంగు సర్దుకున్నది. "మా ఇంట్ల ఎక్కువనే ఉండె సాబ్. డబ్బాల ఏం తిప్పిందో ఏమో, మాకేం ఎరుక."

"అత్తా, బాపును మొదలు పెట్టమన్నది ఎవరు?"

సత్తవ్వ ఏటి దిక్కు చూసింది. అందరూ ఏటి దిక్కే చూసిండ్రు. అక్కడేదో పడవ మునుగుతున్నట్టు.

అరుణశ్రీని పనిల నుంచి తీసేసిండ్రు.

ఇంజినీరు వచ్చేసరికి కిష్టన్న కుప్ప పచ్చగ మొలకెత్తింది. అరుణశ్రీ దాని పక్కన నిలబడి చూసింది. కొత్త డబ్బా, అవే స్విచ్చులు, అదే జరుపుడు. పాత తూకాలు సరిగనే ఉన్నయన్నడు ఇంజినీరు. ఆ మాట పంచనామాల ఎక్కలేదు.

సత్తవ్వ మెల్లగ కిష్టన్న దగ్గరికి వచ్చింది. "కొత్త డబ్బా గద కిష్టన్నా. నా సంచులింక పరదా కింద మిగిలినయి. జర లాభం పెట్టుపో, నీ చెయ్యి మంచిది."

"నా గింజ మొలకొచ్చింది సత్తవ్వా. విలాస్ తీసుకోడు."

"నాదే పెట్టు, ఏమైతది."

కిష్టన్న లేచిండు. సత్తవ్వ సంచిని భుజానికెత్తి తెచ్చి కాంటా మీద దించిండు. జనం చెవులు నిక్కబొడిచి నిలబడ్డరు.

"ఒకటి," అన్నడు కిష్టన్న, అందరికీ వినపడేటట్టు.

చేతులు దులుపుకొని, బిడ్డను తీసుకొని, మొలకెత్తిన వడ్ల పక్క నుంచి నడుచుకుంట పోయిండు.