తడిచురుక

దురదగొండి ఆకు తగిలితే దద్దులు లేస్తాయని అందరికీ తెలుసు. దద్దులు అణిగిపోయాక, మర్నాడు నీళ్లు తగలగానే మళ్లీ లేచే మంటకి మాత్రం మా ఇంట్లోనే పేరుంది: తడిచురుక. ఆ మాట పుట్టించింది మా అమ్మ. అమ్మ తమ్ముడు, మా మామయ్య, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దురదగొండి పొదలో నక్కాడట. మర్నాడు అమ్మ ఆయన చేతులు కడగబోతే ఇల్లు అదిరేలా అరిచాడట. "ఏడవకురా, ఉత్త తడిచురుక, ఇట్టే పోతుంది" అని అమ్మ ఆ చేతులు ఊదుతూ కూర్చుందట.

మామయ్య పెద్దయ్యాక నిఘంటువు ఆఫీసు పెట్టాడు. నేను అక్కడే ప్రూఫులు దిద్దుతాను. అమ్మ చనిపోయిన ఏడాదే ఆ మాటని నిఘంటువులోకి ఎక్కించాడు. ఎలా పుట్టిందో చెప్పే చోట మాత్రం ఖాళీ వదిలాడు. అక్క గుర్తొచ్చి చెయ్యి ఆడలేదేమో అనుకున్నాను. మామయ్య మనసు వెన్న అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. నా అంత వెర్రిబాగులది ఇంకొకతి ఉండదు.

అసలు సంగతి నిన్న తెలిసింది. పక్క వీధి ప్రచురణకర్త మా నిఘంటువుని మక్కీకి మక్కీ దించేశాడు. మామయ్య తెగ సంబరపడుతూ నన్ను గదిలోకి పిలిచాడు.

"దొరికాడే! దొంగని పట్టుకోడానికే ఎవరూ అనని మాట ఒకటి లోపల పెడతాం. తడిచురుక వాడి పుస్తకంలోనూ ఉంది. రేపు వాడొస్తాడు. అది మనమే కల్పించామని నువ్వూ చెప్పాలి."

"అది అమ్మ మాట కదా మామయ్యా!"

"అక్క పోయింది కదే. ఇంకెవరికి తెలుసు? అందుకేగా దాన్ని పెట్టింది."

తల్లిలా సాకిన అక్క మాటని ఎలకలబోనులో ఎరగా పెట్టాడు. నన్ను కూడా ఇన్నాళ్లూ మురవనిచ్చాడు.

ఇవాళ ప్రచురణకర్త వచ్చి కూర్చున్నాడు. వాడు దొంగే, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మామయ్య పుస్తకం తెరిచి ఆ మాట మీద వేలు పెట్టాడు.

"ఇది ఏ తల్లీ అన్న మాట కాదు," అన్నాడు. నా వైపు తిరిగి, "చెప్పవే" అన్నాడు.

నేను నిజం చెబితే, అది జనం అనే మాటేనని దొంగ దర్జాగా బయటపడతాడు. మామయ్య కష్టమంతా మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే అమ్మ నోరు నేనే నొక్కినట్టు.

"మా అమ్మ అనేది," అన్నాను. "ఎవరి చేతులు కడుగుతూ అందో ఈయన్నే అడగండి."

మామయ్య చేతులు బల్ల కిందకి దించుకున్నాడు.