ఐదో గడి

మా ఆయన శేషగిరిరావుకి తెలుగంటే ఎంత ప్రేమో కోంటా బజారులో ఎవరినడిగినా చెబుతారు. ఆయన చెప్పకుండా ఊరుకోడు కాబట్టి. చింతపండు, ఇప్పపువ్వు అమ్మడానికి అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్లతో వాళ్ల దోర్లీ భాషలో బేరమాడతాడు, ఆఫీసర్లతో హిందీలో నవ్వుతాడు, ఇంట్లోకి రాగానే "మనం తెలుగోళ్లం, అది మరిస్తే ఇగ మనకేముంది" అంటాడు. మూడు తరాలుగా ఇక్కడే దుకాణం. చదివిన బడి హిందీది, బిల్లు పుస్తకం హిందీది, దుకాణం మీద బోర్డూ హిందీదే. ఇంట్లో తెలుగు బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. దుమ్ముగూడెంలో పది దాకా చదివి, పెళ్లయి సరిహద్దు దాటి ఈ హిందీ రాష్ట్రానికొచ్చాను.

మా అమ్మాయి వాసవికి తెలుగు చదవడం రాదు. మాట్లాడమంటే నా నోరే మూయిస్తుంది గానీ, పుస్తకం చేతికిస్తే అక్షరం ముక్క తెలియదు. రేపట్నుంచి కూర్చోబెట్టి నేర్పుదామనుకుంటూనే దానికి పన్నెండో తరగతి వచ్చేసింది. ఆ తప్పు నాదే, ఇంకొకరి మీదికి తోసేది లేదు.

మరి తండ్రికి ఎలా తెలియలేదంటారా? శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ఊళ్లోని తెలుగు షావుకార్ల ఆడవాళ్లంతా మా ఇంటికే వస్తారు. వ్రతకథ మన పిల్లే చదవాలని ఆయన ముచ్చటపడ్డాడు. అప్పుడు దానికి పదకొండేళ్లు. నేను చదివి చెబుతుంటే అది కథంతా హిందీ అక్షరాల్లో కాగితాల మీద రాసుకుంది. ఆ కాగితాలు వ్రతకథ పుస్తకంలో పెట్టుకుని గడగడా చదివేసింది. "అబ్బ, ఏం తెలుగు! భద్రాచలంలో పిల్లలైనా ఇట్ల చదవరు" అని అందరూ బుగ్గలు పుణికారు. ఆయన మొహం చూడాలి ఆ రోజు. ఆ మొహం చూశాక నిజం చెప్పబుద్ధి కాలేదు. ఏడేళ్లు అవే కాగితాలతో నెట్టుకొచ్చాం. ఇంటి గుట్టు లంకకు చేటంటారు గానీ, మా ఇంట్లో గుట్టు దాచినందుకే చేటొచ్చింది.

వాసవికి అడవుల చదువు చదవాలని కోరిక. దుకాణంలో చారపప్పు చేతిలోకి తీసుకుని, ఇది పండకముందే కోసేశారు, ఇట్లయితే పదేళ్లకి చెట్లే ఉండవు అని తండ్రితో వాదించేది. ఆ చదువు సెంట్రల్ యూనివర్సిటీలో ఉందట. దానికి దేశమంతా కలిపి ఒకటే పరీక్ష. ఏయే సబ్జెక్టుల్లో పరీక్ష రాస్తామో మనమే ఎంచుకోవాలి, ఐదింటికి మించి కుదరదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, జనరల్ టెస్టు, ఐదోది ఏదో ఒక భాష. వారం రోజులు లెక్కలేసి వాసవి ఆ ఐదూ ఒక చీటీ మీద రాసుకుంది. చివరిది హిందీ.

మార్చిలో ఫారం నింపించడానికి ముగ్గురం ఛాయిస్ సెంటర్‌కి, అదే మా ఊళ్లో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే దుకాణానికి, వెళ్లాం. కంప్యూటర్ ముందు ఉపేంద్ర, మా వెనక పదిమంది. నాలుగు గడులు నింపి అతను తలెత్తాడు. "సేఠ్‌జీ, భాష హిందీయే కదా?"

"హిందీ ఏంది?" అన్నాడు మా ఆయన, లైనంతటికీ వినబడేలా. "హిందీకి దేశమంతా ఎగబడ్తది. తెలుగైతే మనకు ఇంట్ల భాష, చదివే పనే లేదు. నా బిడ్డ వ్రతకథ చదివితే ఊరంతా నోరు తెరుసుకోని వింటది. తెలుగు పెట్టు."

"నాన్నా, హిందీ అయితేనే..." అంది వాసవి.

"నీకేం తెల్వదు, ఊకో. నీకున్నది ఎవలికున్నది ఈడ?"

వాసవి నా వైపు చూసింది. నేను చెప్పొచ్చు. ఒక్క మాట. కానీ వెనక పదిమంది, అందులో మా ఇంటికి వ్రతానికి వచ్చే సీత ఒకతి. ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకున్నాను. ఉపేంద్ర ఐదో గడిలో తెలుగు పెట్టాడు.

మార్చుకోవడానికి తర్వాత రెండు రోజులు గడువిచ్చారు. దానికి కావలసిన ఓటీపీ నంబరు వచ్చేది ఆయన ఫోనుకే. మొదటి రోజు వాసవి వంటింట్లో నా కొంగు పట్టుకుంది. "అమ్మా, నువ్వు చెప్పు. నేను చెప్తే ఏడేళ్లు అబద్ధమాడినవా అంటడు." చెబుతానన్నాను. సాయంత్రం భోపాల్‌పట్నం నుంచి ఆయన చుట్టాలొచ్చారు. వాళ్ల దగ్గరా ఆయన అదే గొప్ప చెప్పుకున్నాడు, నా కూతురు తెలుగులో పరీక్ష రాస్తోంది అని. టీలు ఇచ్చి వచ్చేశాను. రెండో రోజు ఆయన ఎవరితోనో గొడవపడి చిరాకుగా ఉన్నాడు. రేపు చెబుతానన్నాను. రేపటికి గడువు లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు పొద్దున్నే దాన్ని కూర్చోబెట్టి అ, ఆలు దిద్దించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఒత్తులు, గుణింతాలు వచ్చేసరికి ఏడ్చేది, ఏడుస్తూనే దిద్దేది. జగదల్‌పూర్‌లో పరీక్ష రాసి బయటికొచ్చి, "మొదటి పేరా కూడబలుక్కునేసరికే సగం టైం పోయిందమ్మా" అంది.

జూలైలో మార్కులు వచ్చాయి. మిగతా నాలుగింటిలో బాగా వచ్చాయి. తెలుగులో రెండువందల యాభైకి నలభై ఒకటి. సీటు పోయింది. దానితో చదివిన మరైగూడ పిల్ల నందేకి వచ్చింది. నందే ఇంట్లో దోర్లీ మాట్లాడతారు, భాష దగ్గర హిందీ పెట్టుకుంది, అంతే తేడా. వెళ్లే ముందు మా ఇంటికొచ్చి వాసవి బయాలజీ నోట్సు అడిగి తీసుకుంది. వాసవి అట్టలు కూడా వేసి ఇచ్చింది. నా కడుపు మండిపోయింది, ఆ పిల్ల మీద కాదు.

"ఇంట్ల మాట్లాడే భాషల నలభై ఒకటా!" అని ఆయన నెలంతా అరిచాడు. "సిగ్గుండాలె. ఫోన్ చూసుకుంట కూసుంటే ఇట్లనే అయితది." వాసవి పడింది గానీ గుట్టు విప్పలేదు. నేనూ విప్పలేదు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ఆడవాళ్లంతా చేతుల్లో అక్షింతలు పట్టుకుని కూర్చున్నారు. ఆయన పట్టుపంచెలో గోడకానుకుని కూర్చున్నాడు. పూజయ్యాక వాసవి పుస్తకం తీసింది. లోపలి కాగితాలు తీసి మడిచి పక్కన పెట్టింది. పుస్తకం తీసుకెళ్లి తండ్రి చేతిలో పెట్టింది.

"ఈసారి నువ్వు చదువు నాన్నా. నాది నలభై ఒక్క మార్కుల తెలుగు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "కళ్లజోడు..." అన్నాడు. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది. సీత కూడా, "చదువుండ్రి అన్నా, మీ నోట వింటం" అంది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు బ్రహ్మాండంగా వచ్చాయి, ఏటేటా విన్నవే కదా. మూడోదాని దగ్గర ఆగిపోయాడు. పక్క నుంచి చూశాను. ఆయన తెరిచి పట్టుకున్నది పూజా సామగ్రి పట్టీ ఉన్న పేజీ.

ఇరవై రెండేళ్లుగా మా పుట్టింటి వైపు నుంచి పెళ్లి పత్రికలు వస్తే, "కళ్లజోడు దుకాణంల ఉంది, నువ్వే చదువు" అనేవాడు. నేనే చదివేదాన్ని. ఒక్కసారీ అనుమానం రాలేదు నాకు. ఇప్పుడాయన తలెత్తి నన్ను చూశాడు. ఛాయిస్ సెంటర్‌లో వాసవి చూసిన చూపే అది.

నేను లేచాను. "ఆయనకు గొంతు బాగలేదు పొద్దుటి నుంచి" అని పుస్తకం లాక్కుని, పేజీ తిప్పి, ఆయన ఆపిన చోటు నుంచి అందుకున్నాను. ఎవరికీ ఏమీ తెలియలేదు. కథ ఆగింది నిమిషం కూడా కాదు.

అయ్యాక అందరూ అమ్మవారి మీద అక్షింతలు వేశారు. వాసవి తన గుప్పెట్లోవి వేయలేదు. నా దగ్గరకొచ్చి పళ్లెంలో తిరిగి పోసేసింది.

"నాన్నకైతే ఎంత జల్ది లేచినవమ్మా" అంది.