డీబీ పెట్టె మీద పేరు

ఈ ఊళ్లో వైరింగు పని చేసే ప్రతివాడూ పని అయిపోయాక డీబీ మూత లోపలివైపు తన స్టిక్కరు అంటించి వెళ్తాడు. డీబీ అంటే ఇంట్లోని స్విచ్చులన్నిటికీ తల్లిలాంటి ఇనుప పెట్టె. కరెంటు పోతే జనం ముందు తెరిచేది దాన్నే. తెరవగానే పేరు, నంబరు కనబడాలి. నా స్టిక్కరు పసుపుపచ్చది. ‘కృపానందం, ఎలక్ట్రికల్ అండ్ ఫాల్స్ సీలింగ్, కొత్తగూడ’ అని ఉంటుంది. కింద పందొమ్మిదేళ్లుగా మార్చని నంబరు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని. పదో తరగతి మెమో అడిగే చోటికి నేను పోలేదు, వాళ్లూ నన్ను పిలవలేదు. ఆ స్టిక్కరే నా మెమో.

దాన్ని నా చేతులతో నేనే ఉదయ్ భాస్కర్ గంజాయి గదిలో అంటించి వచ్చాను.

నార్సింగిలో రత్నమాల గారిది నూట ఇరవై గజాల ఇల్లు. చుట్టూ ముప్పై, నలభై అంతస్తుల టవర్లు లేచాయి. వాటి మధ్య ఆ ఇల్లు పెళ్లి పందిరి బయట ఎవరో విడిచి మరిచిపోయిన చెప్పులా ఉంటుంది. కింద ఆవిడ ఒక్కరే ఉంటారు. పైన రెండు గదుల పోర్షన్ కిరాయికి ఇస్తారు. ఆవిడ కాకినాడ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఏదో ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో బల్బు మాడినా నేనే వెళ్లాలి. పైన ఎవరు దిగినా వాళ్లకు నా నంబరే ఇస్తారు. ఉదయ్ భాస్కర్‌కూ అలాగే ఇచ్చారు.

వాడికి ముప్పై మూడో, నాలుగో ఉంటాయి. ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేస్తాడు, కానీ మెడలో ట్యాగు తీయడు. మొదటి రోజు నన్ను అన్నా అన్నాడు. నేను వాణ్ని సార్ అన్నాను. నా కంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాణ్ని సార్ అనడం నాకు కొత్త కాదు. ఈ హైటెక్ సిటీ లేచిన రోజు నుంచీ అదే పని.

“అన్నా, వెనక బెడ్రూంలో నాలుగడుగులు తగ్గించి ఒక పార్టిషన్ కావాలి. బయటికి మామూలు గోడలాగే కనబడాలి. డోర్ వార్డ్‌రోబ్ లోపల్నించి పెట్టు.”

“దేనికి సార్?”

“సర్వర్లు పెడతా. కంపెనీ డేటా. కాన్ఫిడెన్షియల్.”

“ఓనరమ్మకు చెప్పిన్రా?”

“పర్మిషన్ తీసుకున్నాలే. నువ్వు పని చూడు.”

పని చూశాను. జిప్సం బోర్డు నిలబెట్టి, జాయింట్లు పూసి, పాత గోడ రంగులోనే రంగు కలిపి కొట్టాను. పెద్ద లోడ్ తట్టుకునే వైరు లాగాను. గదికి విడిగా చిన్న డీబీ పెట్టాను. మూడో రోజు లోపలికి ఒక నీళ్ల నల్లా కూడా కావాలన్నాడు.

“సర్వర్లకు నల్లా ఎందుకు సార్?”

వాడు నవ్వాడు. “ఎంతవరకు చదివావ్ అన్నా?”

“ఏడు.”

“అందుకే. చెప్పినా నీకు అర్థం కాదు. వదిలెయ్.”

అడగడం అక్కడ ఆగిపోయింది. అనుమానం రాక కాదు. ఇంకొక్క ప్రశ్న వేస్తే ఇంకొకసారి ఏడు అనాల్సి వస్తుందని. ఆ ఒక్క మాట మళ్లీ అనడం కంటే నల్లా పెట్టడమే సులువనిపించింది. పెట్టాను.

చివరి రోజు వార్డ్‌రోబ్ తలుపు మూసి వెనక్కి జరిగి చూసుకున్నాను. గోడ కట్టిన నాకే గోడ ఎక్కడుందో తెలియలేదు. పెద్ద పెద్ద ఇంజనీర్లు గీసిచ్చిన ఆఫీసుల్లో కూడా అంత శుభ్రంగా నేను చేయలేదు. ఆ ఊపులో డీబీ మూత తెరిచి, స్టిక్కరు తీసి, బొటనవేలితో నాలుగు మూలలా అదిమి అంటించాను. ఎవరికీ కనబడకూడదని కట్టిన గదిలో పేరు అంటించే మూర్ఖుడు ఉంటాడా అంటే, ఉంటాడు. బుర్ర వద్దనే లోపు చెయ్యి పని చేసేసింది.

మూడు నెలల తర్వాత ఫోన్ వచ్చింది, కరెంటు పదే పదే ట్రిప్ అవుతోందని. మూసాపేటలో పని మధ్యలో వదిలేసి వెళ్లాను. వార్డ్‌రోబ్ తలుపు తీయగానే వాసన తెలిసిపోయింది. పద్నాలుగేళ్ల వయసులో సెంట్రింగ్ పనికి పోయినప్పుడు మేస్త్రీలు బీడీల్లో కూరి తాగిన వాసనే అది. లోపల ఊదారంగు లైట్లు, గోడలకు వెండి కాగితం. కుండీల్లో నడుమెత్తు మొక్కలు ఆఫీసు క్యాబిన్లలో మనుషుల్లా వరుసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో ట్యాగు.

“సార్, ఇవి గంజాయి చెట్లు.”

“హెర్బ్స్ అన్నా.”

“హెర్బో గిర్బో, నాకు ఎరుకనే.”

“ఎరుకైతే ఇంకా మంచిది. ఎక్స్‌ప్లెయిన్ చేసే పని తప్పింది. ఏసీ లైన్ చూడు.”

నేను ఏసీ లైన్ చూడలేదు. నేరుగా డీబీ దగ్గరికి పోయి మూత తెరిచి స్టిక్కరు మూల గోటితో గీకాను. రాలేదు. వానకు తడిసినా ఊడకూడదని కూకట్‌పల్లిలో చెప్పి చేయించిన స్టిక్కరది. స్క్రూడ్రైవరుతో గీకితే ‘కృ’ సగం లేచింది, మిగతాదంతా అలాగే ఉంది.

“ఏం చేస్తున్నావ్?”

“నా పేరు తీసుకపోతున్న.”

ఫోన్ టక్కుమంది. తిరిగి చూస్తే వాడు ఫొటో తీశాడు. మొక్కలు, తెరిచిన పెట్టె, దాని మీద నా చెయ్యి, నా మొహం, అన్నీ పడ్డాయి.

“బాగా వచ్చావ్. కొంచెం నవ్వాల్సింది.”

“అది తీసెయ్యుండ్రి సార్. నాకు దీనితోని సంబంధం లేదు.”

“లేదా?” వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు. “గోడ కట్టింది నువ్వు. వైర్ లాగింది నువ్వు. పేరు నీది, నంబర్ నీది. నేను కిరాయికి ఉన్న సాఫ్ట్‌వేర్ వాణ్ని. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయినవాణ్ని. రేపెవరైనా వచ్చి ఈ గది ఎవరిదని అడిగితే ఎవర్ని నమ్ముతారనుకుంటున్నావ్? నన్నా, నిన్నా?”

వాడు చెప్పింది అబద్ధమైతే కోపం వచ్చేది. నిజం కాబట్టి ఒళ్లు చల్లబడింది.

“ఇంకోటి కృపానందం,” అన్నాడు. అన్నా పోయింది. “బిల్ ఎక్కువొస్తోందని కింద ముసలావిడ గొణుగుతోంది. మీటర్‌కి ముందు నుంచే ఒక లైన్ లాగెయ్. ఎల్లుండిలోపు.”

“గట్ల లాగితే ఇల్లు అంటుకుంటది సార్. కింద ఆ అమ్మ పండుకుంటది.”

“అంటుకోకుండా లాగు. నువ్వు ఎక్స్‌పర్ట్ కదా. ఎలక్ట్రికల్ అని స్టిక్కర్ మీద రాసుకున్నావ్ కూడా.”

ఇంటికి వచ్చేసరికి సుగుణ హాస్టల్ వంట పని నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ముప్పై ఏళ్ల కాపురంలో నా మొహం చూసి లెక్క చెప్పడం ఆమెకు అలవాటు.

“ఏమయ్యా, మొఖం గట్ల వెట్టినవేంది? ఎవలన్న కొట్టిన్రా?”

చెప్పాను. మొత్తం విని చెంబు కింద పెట్టింది.

“గంజాయి రూంల నీ స్టిక్కర్ అంటిచ్చినవా?”

“అప్పుడు గంజాయి లేకుండె.”

“దొంగతనానికి పోయి ఆధార్ కార్డు ఇడిసిపెట్టొచ్చినట్టున్నది. నల్లా ఎందుకని ఇంకోమాట అడగరాదా?”

“అడిగితే ఎంత చదివినవన్నడు.”

“అంటే? నోరు పడిపోయిందా?” తువ్వాలు దులిపింది. “లోకంల అందరికి చదువు తోని పొగరొస్తది. నీకు చదువుకోనందుకు వచ్చింది. పోయి ఆ అమ్మకు చెప్పు.”

“చెప్తే నన్ను గూడ తీసుకపోతరు.”

“చెప్పకపోతె నిన్నొక్కనినే తీసుకపోతరు.”

ఆ మాట మీద గొడవ పడ్డాను. నీకేం తెలుసన్నాను. అన్నం ముందు పెట్టి, నాకేం తెల్వదు తిను అంది. పొద్దున లేచేసరికి ‘నిన్నొక్కనినే’ అన్న మాట ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

తొమ్మిదింటికి రత్నమాల గారి గుమ్మం ముందు నిలబడ్డాను. ఆవిడ సోఫాలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు.

“ఏం కృపానందం, పైన ఏదో రిపేరుందటగా? ఆ కరెంటు బిల్లేంటయ్యా బాబూ, చూస్తే కళ్లు తిరిగాయి.”

నిలబడే అంతా చెప్పాను. గోడ, వార్డ్‌రోబ్, నల్లా, మొక్కలు, ఫొటో, మీటరు మాట. ఆవిడ కత్తి ఆగిపోయింది.

“నా ఇంట్లో గోడ కట్టేముందు నన్నొక్క మాట అడగలేదేం?”

“పర్మిషన్ ఉన్నదన్నడమ్మా.”

“వాడంటే సరిపోయిందా? వాడు నిన్నగాక మొన్నొచ్చాడు. నువ్వు పదిహేనేళ్లుగా ఈ గుమ్మం ఎక్కుతున్నావు. కింద నేనింకా బతికే ఉన్నాను కదా! పిలిస్తే పలికేదాన్ని కదా!”

తప్పు నాదే. కానీ తప్పు నాదైనప్పుడే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

“పదిహేనేండ్ల సంది ఈ గుమ్మం కాడనే నిలవడుతున్నమ్మా. ఒక్కనాడన్న లోపలికొచ్చి కూసోమన్నరా? ఫ్యూజు పోతేనే నేను యాదికొస్త. ఇగ మిమ్మల్ని ఏం అడగాల్నో, ఏం అడగొద్దో నాకెట్ల తెలుస్తది?”

“కూర్చోమంటే కూర్చునేవాడివా?”

“ఏమో. మీరు అనలేదు గద.”

ఆవిడ మొహం ఎర్రబడింది. నా మొహం ఎలా ఉందో ఆవిడకే తెలియాలి. పైన వాడి అడుగుల చప్పుడు ఆ గోడ వైపు వెళ్లి ఆగింది. ఇద్దరం పైకప్పు వైపు చూశాం.

ఆవిడే ముందు గొంతు తగ్గించారు. “సరే. వెళ్లిపో. నీ పేరు ఎత్తనులే. వాసనొస్తే అనుమానమొచ్చి చూశానని చెప్తాను. చిన్నా పెద్దా పనులు చేసి పెట్టావు, ఆ మాత్రం చేస్తాను.”

మెట్లు నా వెనకే ఉన్నాయి, గేటు తెరిచే ఉంది, బండి బయటే ఉంది. ఆవిడ మంచికే అన్నారు. కానీ ఆ మంచిలో కూడా నేను కనబడకుండా పోవాల్సినవాణ్నే.

“వాడు నోరు తెరిస్తే ఫస్టు వచ్చేది నా పేరేనమ్మా. వాడు చెప్తే నేను దొంగను. నేను చెప్పుకుంటే ఏమైతనో చూద్దాం. ఫోన్ చెయ్యుండ్రి.”

ఆ మాట అని, ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఆవిడ సోఫాలో కూర్చున్నాను. ఆవిడ బెండకాయల పళ్లెం అటు జరిపి ఫోన్ తీశారు.

పోలీసులు వచ్చేసరికి పదకొండు దాటింది. ఎస్సై, ఇంకో ముగ్గురు. వాళ్ల వెనకే మేమిద్దరం మేడ ఎక్కాం. పైన ఉదయ్ భాస్కర్ చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. పోలీసులను చూసి కాల్ మ్యూట్ చేశాడు తప్ప కట్ చేయలేదు. ఏంటి సార్, ఎనీ ప్రాబ్లం అన్నాడు. వాళ్లు గదులు చూశారు, బాత్రూం చూశారు, వార్డ్‌రోబ్ తెరిచి చొక్కాలు పక్కకు జరిపి చూశారు. గోడ తడిమి చూశారు. ఏమీ దొరకలేదు.

“ఏదమ్మా గది?” ఎస్సై రత్నమాల గారిని విసుక్కున్నాడు.

నా పనితనం అంత బాగుంది మరి. నేనే ముందుకు పోయి చొక్కాల కింద అరచేయి పెట్టి నెట్టాను. వార్డ్‌రోబ్ వెనక పలక లోపలికి తిరిగింది. ఊదా వెలుగు ఆ చొక్కాలన్నిటి మీదా పడింది.

“ఈయనే సార్!” ఉదయ్ భాస్కర్ అరిచాడు. “ఈ ఎలక్ట్రీషియనే! ఇదంతా ఆయనదే. నాకీ గది ఉన్నట్టే తెలీదు. ఆ బాక్స్ ఓపెన్ చేసి చూడండి, ఆయన పేరుంది!”

ఒక కానిస్టేబుల్ పెట్టె తెరిచాడు. సగం గీకిన స్టిక్కరు పైకి చదివాడు.

“గది ఉన్నట్టే తెల్వదంటివి,” ఎస్సై వాడి వైపు తిరిగాడు. “దాని లోపలి పెట్టెల పేరున్నదని ఎట్ల తెలిసింది?”

వాడు చెవిలో ఇయర్‌ఫోన్లు తీశాడు. ఎస్సై నా వైపు చూశాడు.

“నీదేనా?”

“పేరు నాదే సార్. గోడ నేనే కట్టిన, వైరు నేనే గుంజిన. చెట్లు నాయి కావు.”

“అది మేం చూస్తం. ఎక్కు బండి.”

స్టేషన్లో ఉదయ్ భాస్కర్‌ను కూర్చోండి అన్నారు. నన్ను అక్కడ నిలబడు అన్నారు. వాడి మెడలో ట్యాగు ఇంకా ఉంది మరి. స్టేట్‌మెంట్లు రాసే హెడ్ కానిస్టేబుల్ మధుకర్ కాగితాల మధ్య కార్బన్ పెట్టుకుని ముందు నన్ను పిలిచాడు.

“పేరు?”

చెప్పాను. ఊరు, వయసు, పని చెప్పాను. చదువు కూడా అడిగాడు. ఏడు అన్నాను. తల ఎత్తకుండా రాసుకుని, ఎస్సై వైపు తిరిగాడు.

“సార్, ఈయన్ను ముద్దాయిల రాయాల్నా, సాక్షుల రాయాల్నా?”

ఎస్సై టీ ఊదుకుంటూ ఆలోచించాడు.

“ముందు చెప్పింది చెప్పినట్టు రాయి. దేంట్ల వడతడో రేపు చూద్దాం. అప్పటిదాంక ఈడనే ఉంటడు.”

ఉదయ్ భాస్కర్ కుర్చీలోంచి లేచాడు. “సార్, ముందు నా స్టేట్‌మెంట్ తీసుకోండి. నాకు క్లయింట్ కాల్ ఉంది, మా లాయర్ కూడా దారిలో ఉన్నాడు. ఈయనకి మాట్లాడ్డం కూడా సరిగా రాదు.”

“ఆగుండ్రి,” అన్నాడు మధుకర్, కలం ఎత్తకుండా. “ఈయనది నడుస్తున్నది.”

నేను మొదటి రోజు నుంచి మొదలుపెట్టాను. ఏ గది, ఎన్ని అడుగులు, ఏ సైజు వైరు, వాడు ఏ మాట అన్నాడు, నేను ఎక్కడ అడగడం మానేశాను, ఏదీ వదల్లేదు. నా తప్పు కూడా నా నోటితోనే రాయించాను. జీవితంలో ఎప్పుడూ నా మాటలు ఇంకొకరు కూర్చుని రాసుకోలేదు. అందుకని తొందరపడలేదు. రెండుసార్లు మంచినీళ్లు అడిగాను, ఇచ్చారు. రాసిందంతా ఒకసారి చదివి వినిపించమన్నాను, వినిపించాడు. ఒకచోట మూడడుగులని రాశాడు, నాలుగు అని దిద్దించాను.

అంతసేపూ ఉదయ్ భాస్కర్ లేచినవాడు లేచినట్టే నిలబడి ఉన్నాడు.