ఆపితే పాయింటు రాదు

బాబాయి దగ్గర బాక్సింగ్ నేర్చుకోవాలంటే ముందు కొట్టడం మర్చిపోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు గ్లౌజులు తొడుక్కుని వేలాడే సంచీని బాదేద్దామని ఉబలాటపడితే, ఆయన వాళ్లని తీసుకెళ్లి అద్దం ముందు నిలబెట్టేవాడు. గడ్డం దించు. పిడికిళ్లు చెంపల దగ్గర పెట్టు. మోచేతులు పక్కటెముకలకి అంటించు. కాళ్లు దగ్గరికి తేకు, పడిపోతావ్. ఎదుటివాళ్ల కళ్లు కాదు, భుజం చూడు. చేతికన్నా ముందు అదే కదులుతుంది. ఇవన్నీ ఒంటబట్టాక, మీదికొచ్చే పంచ్‌ని అరచేత్తో పక్కకి నెట్టడం, మోకాళ్లు వంచి తల తప్పించడం, ఒక్కడుగు వెనక్కేసి దాన్ని గాలికి వదిలెయ్యడం. మధ్యలో ఉన్నట్టుండి "గార్డ్!" అని అరిచేవాడు. ఆ అరుపుకి చేతులు వాటంతటవే లేచి ముఖాన్ని కప్పెయ్యాలి. ఆలోచించి లేపావంటే అప్పటికే మూతి పగిలినట్టు లెక్క.

మంచి చదువే, కాదని ఎవరన్నారు? కాకపోతే మిగతావాళ్లకి నెల తిరిగేసరికి కొట్టడం కూడా మొదలయ్యేది. ఆయన సొంత అన్న కూతురికి మాత్రం ఏళ్లు గడిచినా మొదలు కాలేదు.

ఆ పిల్లని హాల్లో అందరూ గోడ అనేవారు. పగలంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, సాయంత్రం బస్సు దిగి నేరుగా బాబాయి హాలుకి వచ్చేది. రాగానే ఆమె పని ఒకటే: చిన్నది కొడుతుంటే ఆపడం. చిన్నదంటే బాబాయి కూతురు, ఈమె బరువే, ఈమెకన్నా మూడేళ్లు చిన్న. చిన్నది ఎడాపెడా బాదుతుంటే గోడ ఆపేది, నెట్టేది, తప్పించుకునేది. ఒక్కటీ తగలనిచ్చేది కాదు. "చూడండ్రా, ఆపడమంటే అదీ!" అని బాబాయి నలుగురిలో అన్నప్పుడల్లా పిచ్చిది పొంగిపోయేది. ఇంటికొచ్చి తల్లికి చెబితే ఆవిడ ఇంకా పొంగిపోయేది. తండ్రి పోయిన ఇంట్లో బాబాయి మాటంటే మాటే మరి. లాండ్రీలో పని పెట్టించింది ఆయనే, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ ఆయనే.

ఆ ఏడు రాష్ట్ర జట్టుకి ఎంపికలు ప్రకటించారు. ఒక్కో బరువుకి ఒక్కరే. ఎంపికైతే హాస్టల్లో ఉండి పెద్ద కోచ్‌ల దగ్గర నేర్చుకోవచ్చు, లాండ్రీకి దణ్ణం పెట్టెయ్యొచ్చు. గోడకి అదే ఆఖరి ఏడు, మళ్లీ ఎంపికలొచ్చేసరికి వయసు దాటిపోతుంది. పేరిచ్చింది. చిన్నదీ ఇచ్చింది.

అప్పుడే వేరే క్లబ్బు కోచ్ ఒకావిడ ఏదో పనిమీద హాలుకి వచ్చి, వాళ్లిద్దరి ప్రాక్టీసు చూసి, నీళ్లు తాగుతున్న గోడ పక్కన చేరింది.

"భలే ఆపుతున్నావమ్మాయ్. మరి కొట్టేదెప్పుడు?"

"అది తర్వాతంటారండీ మా బాబాయ్."

"తర్వాతేంటి? ఆపితే పాయింటు రాదు తల్లీ. ఒక చేత్తో ఆపగానే రెండో చెయ్యి పోయి తగలాలి. అదీ మొదటి పాఠంలోదే. మీ బాబాయికి తెలీదా ఏంటి?"

ఆ రోజు హాలు ఖాళీ అయ్యాక అడిగింది. "బాబాయ్, ఎంపికలు దగ్గరికొచ్చేశాయి. నాకు కొట్టడం ఎప్పుడు నేర్పుతావ్?"

ఆయన గ్లౌజులు మేకుకి తగిలిస్తూ, వెనక్కి తిరక్కుండానే, "తొందరెందుకే? పునాది గట్టిపడనీ" అన్నాడు.

ఇంకెంత గట్టిపడాలట? పునాదే తప్ప ఇల్లు లేపే ఉద్దేశం ఆయనకి లేదని గోడకి ఆ వీపు చూశాక అర్థమైంది. మర్నాటి నుంచి లాండ్రీలో మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్లగానే, మాసిన దుప్పట్ల మూటని ఓ మూలకి చేరేసి దాన్ని కొట్టడం మొదలుపెట్టింది. ఎడంచేత్తో ఆపినట్టు, వెంటనే కుడిచేత్తో గుద్దు. ఎడం, కుడి. ఎవరూ చెప్పకపోయినా ఆమెకి ఇంకొకటి తెలుసు. చిన్నది ఎడంచేత్తో పంచ్ వేసినప్పుడల్లా కుడిచెయ్యి కిందికి జారిపోతుంది, దవడ వదిలేస్తుంది. అన్నాళ్లు ఎదురుగా నిలబడి చూసిన మనిషికి తెలీకుండా ఎలా ఉంటుంది? ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఎంపికల్లో చివరికి మిగిలింది అక్కాచెల్లెళ్లిద్దరే. "ఇద్దరూ నా పిల్లలే, రింగులో ఏ మూలా నిలబడి ఎవరికీ సలహా చెప్పను" అని బాబాయి అందరూ వినేలా అని, ముందు వరసలో బెంచీ మీద కూర్చున్నాడు. ఎంత న్యాయమో చూడండి!

మొదటి రౌండు చిన్నదానిదే. గోడ అన్నీ ఆపింది, పాయింట్లు మాత్రం చిన్నదానికి పోయాయి. రెండో రౌండులో చిన్నది ఎడంచెయ్యి విసరగానే గోడ దాన్ని పక్కకి నెట్టి కుడిచేత్తో గుద్దింది. సరిగ్గా దవడ మీద. హాలంతా ఒక్కసారి హోరెత్తింది. చిన్నది నమ్మలేనట్టు చూసింది. మళ్లీ విసిరింది, మళ్లీ తింది. అమ్మయ్య, వస్తోంది, నాకూ కొట్టడం వస్తోంది అనుకుంది గోడ. ఆ రౌండు ఆమెదే.

మూడో రౌండుకి చిన్నదానికి ఆయాసం వచ్చేసింది, చెయ్యి మరీ కిందికి జారిపోతోంది. ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఇంకాసేపట్లో బెల్లు కొడతారనగా చిన్నది ఎడంచెయ్యి విసిరింది. గోడ నెట్టేసింది. దవడ బారెడు ఖాళీ. కుడి భుజం కదిలింది కూడా.

"గార్డ్!"

బెంచీ మీంచి లేచి అరిచింది బాబాయే. గోడ చేతులు రెండూ వాటంతటవే లేచి ముఖాన్ని కప్పేశాయి. వద్దు వద్దు అనుకుంటూనే ఉంది, చేతులు వింటేగా! కింద కడుపుకి కాపు లేకుండా పోయింది. చిన్నది పక్కటెముకల కింద ఒక్కటిచ్చింది. గోడ మోకాలి మీద కూలబడింది. రిఫరీ బెంచీ వైపు ఉరిమి చూసి అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఎలాగో లేచింది. బెల్లు మోగింది. చిన్నదాని చెయ్యి పైకెత్తారు.

చిన్నది ఏడుస్తూ వచ్చి అక్కని వాటేసుకుంది. "నేను అరవమన్లేదక్కా, ఒట్టు" అంది. పాపం, నిజమే అయ్యుంటుంది. అయినా రిఫరీ దగ్గరికెళ్లి ఆ అరుపు వల్లే గెలిచానని మాత్రం చెప్పలేదు.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు గోడ అడిగింది. "ఎవరికోసం అరిచావ్ బాబాయ్?"

"అలవాటే..." అని మొదలుపెట్టి, ఆమె చూపు చూసి ఆగిపోయాడు. "వెళ్లేది ఒక్కరే కదమ్మా. ఇద్దరికీ చోటుంటే అరిచేవాణ్ణా?"

"దానికింకా మూడేళ్లుంది. నాకు లేదు."

"నా కూతురమ్మా అది" అన్నాడు, అంతే.

"మరి ఇందాక ఇద్దరూ నీ పిల్లలే అన్నావ్?"

బస్సొచ్చింది. గోడ ఒక్కతే ఎక్కింది. కూర్చుంటుంటే పక్కటెముకలు కలుక్కుమన్నాయి.

ఇంటికెళ్లేసరికి తల్లి గుమ్మంలోనే ఉంది. కబురు ముందే అందినట్టుంది, ఓడిపోయావటగా అని అడగనే లేదు. కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని దీపం కిందికి లాగింది. నుదురు చూసింది, చెంపలు చూసింది, పెదవి వేలితో తడిమి చూసింది. ఎక్కడా చిన్న గీత లేదు.

"హమ్మయ్య! ఒక్క దెబ్బయినా తగల్లేదే నా తల్లికి" అంది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. "ఎంత బాగా నేర్పాడే మీ బాబాయ్! చల్లగా ఉండాలి ఆయన."

గోడ ఊపిరి మెల్లిగా పీల్చుకుంది, గట్టిగా పీలిస్తే నొప్పి ముఖంలో తెలిసిపోతుందని. "అవునమ్మా, బాగా నేర్పాడు" అంది.