నిల్ రిపోర్టు

అట్టు మాడిందని దయాసాగర్ పెనం మీది అట్లకాడ తీసి కృపారాణి ఎడమ మోచేతి కింద అంటించాడు. అంటించి వెంటనే తీయలేదు. చర్మం చుయ్యిమన్న చప్పుడు ఆమెకు వినిపించింది. అరవలేదు, కిటికీ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. అతను అట్లకాడ సింకులో పడేసి, చేతులు తుడుచుకుంటూ ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"ఎవురన్నా అడిగితే ఏం చెప్తావు?"

"అట్లు పోస్తా ఉంటే పెనం తగిలింది."

"ఎడం చేత్తో పోస్తావా అట్లు?"

"పెనం దించతా ఉంటే తగిలింది."

"అట్ట చెప్పు," అని బడికి పోయాడు. దయాసాగర్ లెక్కల మాస్టారు. జవాబు సరిగ్గా వచ్చేదాకా ఎవరినీ వదలడని ఆత్మకూరులో అతనికి మంచి పేరుంది.

పదమూడేళ్ల కాపురంలో కృపారాణి ఇలాంటి జవాబులు ఎన్ని నేర్చిందో లెక్క లేదు. బాత్‌రూములో జారాను, బీరువా తలుపు తగిలింది, బస్సు దిగుతూ కాలు మడతపడింది. నాలుగో నెలలో కడుపు పోయినప్పుడు కూడా మెట్ల మీంచి పడ్డానని డాక్టరమ్మతో చెప్పింది. వాళ్లుండేది మెట్లు లేని ఇల్లు. మామ కొండలయ్య చర్చిలో సంఘ పెద్ద. కోడలి మూతి వాచినప్పుడల్లా బైబిలు తెచ్చుకుని ఎదురుగా కూర్చునేవాడు. కొట్టేది వాడు కాదమ్మా, వాడిలోని సాతాను, నువ్వు గమ్మునుండి ప్రార్థన చేసుకో అనేవాడు. ఆ సాతానుకు చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, క్యారేజీ కట్టేది మాత్రం కృపారాణి. అన్నేళ్లు అబద్ధాలు చెప్పగా చెప్పగా ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఎంత బాగా అప్పజెప్పినా అబద్ధానికి ముందు ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తర్వాత ఎవరూ అడగని వివరం ఒకటి వచ్చి పడుతుంది. వినేవాళ్లు దాన్ని పట్టుకోలేరు, చెప్పి చెప్పి అలవాటైనవాళ్లకే అందుతుంది.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో ఒక తాసీల్దారు ఆఫీసులో ఆమె జూనియర్ అసిస్టెంటు. ఆ సోమవారం పొడుగు చేతుల రవిక వేసుకుని బస్సు దిగేసరికి పైనుంచి మెయిలు వచ్చి ఉంది. పార్లమెంటు ప్రశ్న, అత్యవసరం, మూడు గంటల లోపల వివరాలు పంపాలి. ఇంటిపనికి గల్ఫ్ పోయిన ఆడవాళ్ల మీద అక్కడ హింస జరుగుతోందా, జరిగితే వాళ్లు ఏయే మండలాల వాళ్లు, వాళ్ల మానవ హక్కుల కోసం మన రాయబార కార్యాలయాలు ఏం చేస్తున్నాయి అని ఎవరో సభ్యుడు అడిగాడు. వచ్చే వారం గురువారం విదేశాంగ మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి.

ఇలాంటి వాటన్నిటికీ ఒకటే మందు, 'ఏమీ లేదు' అనే నిల్ రిపోర్టు. పోయినేటి కాగితం తీసి తేదీ మార్చి పంపితే సరిపోతుంది. నిల్ అంటే పైవాళ్లకు పని లేదు, కిందవాళ్లకు తిరుగుడు లేదు. పోయినేడు ఆమె కొట్టిన నిల్లే అంచెలంచెలుగా ఢిల్లీ చేరింది. ఆ వైపు నుంచి ఫిర్యాదులేవీ రాలేదని మంత్రిగారు సభలో చెబుతుంటే కృపారాణి ఫోనులో చూసింది. తను కొట్టిన మాట పార్లమెంటులో వినిపించిందని ఆ పూట కాస్త గర్వపడింది కూడా.

ఈసారి మాత్రం వరండాలో హన్నమ్మ కూర్చుని ఉంది. దుత్తలూరు వైపు పల్లె ఆమెది. అర్జీ పట్టుకుని రావడం ఇది అయిదోసారి. కూతురు సుకుమారి గల్ఫ్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోయి ఏడాదిన్నర అయింది. మూడు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు, నిన్న మాత్రం ఫోనులో ఒక మాట రికార్డు చేసి పంపింది. డిప్యూటీ తాసీల్దారు కోటేశ్వర్ అది వినిపించమన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, విసుక్కోకుండా విన్నాడు.

"మా... నేను బాగుండాను. దిగులు పెట్టుకోబాక. చెయ్యి కాలింది, రొట్టెలు చేస్తా ఉంటే తగిలింది. ఎడం చెయ్యే. జలుబు చేసి గొంతు ఇట్టుండాది, ఏడ్చలేదు. నువ్వు ఫోను చేయబాక."

ఆమే బాగుండానని చెప్తా ఉంటే ఇంకేం కావాల పెద్దమ్మా అన్నాడు కోటేశ్వర్. నిల్ కొట్టి పంపించమని కృపారాణికి చెప్పి తన గదిలోకి పోయాడు.

కృపారాణి ఇంకోసారి వినిపించమంది. 'మా' తర్వాత ఆగిన ఆ ఊపిరి. ఎవరూ అడగకుండానే చెప్పిన ఎడం చెయ్యి. ఏడ్చలేదన్న మాట. వెనక ఒక మగ గొంతు చిన్నగా దగ్గింది, జవాబు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునేవాడి దగ్గు. రవిక చేతి కింద ఆమె పుండు భగ్గుమంది. ఆ పిల్ల చేత ఎవరో అప్పజెప్పించారు. ఎన్నిసార్లు తప్పు చెప్పి ఎన్ని దెబ్బలు తింటే అంత శుభ్రంగా వస్తుందో కృపారాణికి తెలుసు.

ఫారంలో నిల్ తీసేసి ఒకటి వేసింది. పేరు, ఊరు, పోయిన దేశం నింపింది. చివరి గడి 'ఆధారం' అన్నది. అక్కడ చేతులు ఆగిపోయాయి. ఉన్న ఆధారం ఆ ఒక్క మాటే, అదేమో తనకేమీ కాలేదంటోంది. కల్పించి ఏదో రాయవచ్చు, కల్పించడం ఆమెకు చేతకాని పనేమీ కాదు. గడువు దగ్గరపడ్డాక ఆ గడిలో ఇలా కొట్టింది: "తాను బాగున్నానని ఆమె పంపిన మాట. అది అబద్ధమని నాకు తెలుసు. నా భర్త నన్ను హింసించిన ప్రతిసారీ పదమూడేళ్లుగా నేనూ అదే మాట చెబుతున్నాను. కృపారాణి, జూనియర్ అసిస్టెంట్."

ఒకసారి చదువుకుంది. ఇది బయటపడిన రోజున దయాసాగర్ తనను ప్రాణాలతో ఉంచడు. అయినా పంపింది. తాసీల్దారు గారు అంకె చూసి సంతకం పెట్టారు. పై ఆఫీసుల్లో వచ్చింది వచ్చినట్టు అంటించి ఇంకా పైకి తోశారు. అన్నేళ్లుగా నిల్ ఎలా పైకి పోయిందో ఇదీ అలాగే, ఎవరూ చదవకుండా, ఢిల్లీ దాకా పోయింది.

ఒకటి అన్న అంకె మాత్రం కోటేశ్వర్ కంట్లో పడింది. ఆమెను ఏమీ అనలేదు. ఆడమనిషిని మందలించడమెందుకని కాబోలు, దయాసాగర్‌కు ఫోను చేసి, మీ ఆవిడ లేనిపోని తలనొప్పులు తెస్తా ఉండాది మాస్టారూ, కొంచెం చెప్పండి అన్నాడు. మాస్టారు చెప్పాడు. ఆ సాయంత్రం ఆమె చెప్పులు విడవకముందే గడియ వేసి, జుట్టు చేతికి చుట్టుకుని తల గోడకేసి కొట్టాడు. మూడో దెబ్బకు పన్ను ఊడి ఆమె నాలుక మీద పడింది. ఊరోళ్ల కూతుళ్ల సంగతి నీకెందుకని కడుపులో తన్నాడు. ఊపిరి అందక ఆమె నేల మీద పాకుతుంటే వీపు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. పక్క గదిలో కొండలయ్య, చప్పుడు వీధిలోకి పోకుండా, గొంతెత్తి పాట అందుకున్నాడు. గచ్చుకు చెంప ఆనించి కృపారాణి ఒకటే అనుకుంది. వీడికింకా అంకె సంగతే తెలుసు. ఆ గడి సంగతి తెలియడానికి, మంత్రి జవాబు చెప్పే గురువారం దాకా, పది రోజులుంది.

ఆ గురువారం ఆమె హన్నమ్మను ఆఫీసుకు పిలిపించింది. కోటేశ్వర్ బల్ల మీద ఫోను నిలబెట్టి అందరూ చుట్టూ చేరారు. విదేశాంగ మంత్రి తొణకని మనిషి. కాగితం వంక చూడకుండానే ఇంగ్లీషులో మాట్లాడుతుంటే కృపారాణి హన్నమ్మకు తెలుగులో చెబుతూ వచ్చింది. ఆ దేశం మనకు మిత్రదేశం, మానవ హక్కుల దగ్గర మాత్రం రాజీ లేదు, దౌత్యమంటే కేకలు వేయడం కాదు. ఆ తర్వాత కాగితం చూసి చదివాడు. నెల్లూరు జిల్లా నుంచి ఒక కేసు వచ్చింది, బాగున్నానని ఆమె మాట పంపినా అక్కడి గుమాస్తా నమ్మలేదు. మన అధికారులు పోలీసులను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పోతే ఆమె సామాన్ల గదిలో దొరికింది. మూడు పక్కటెముకలు విరిగాయి, రెండు చేతులూ మోచేతుల దాకా కాలి ఉన్నాయి. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, బతుకుతుంది, ఇంటికి పంపిస్తాం.

హన్నమ్మ కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒక సభ్యుడు లేచాడు. బాగున్నానని ఆమే చెబితే, ఎవరో గుమాస్తా అనుమానాన్ని పట్టుకుని మిత్రదేశపు పౌరుడి తలుపు కొట్టడం ఏం దౌత్యమని నిలదీశాడు. మంత్రిగారు వెనకనుంచి అందించిన కాగితం తీసుకుని, ఆధారం ఇదీ అంటూ ఆ మూడు వాక్యాలూ చదివాడు. పేరు చదవలేదు. ఆఫీసులో తలలన్నీ కృపారాణి వైపు తిరిగాయి. అప్పుడు వెనక వరసలోంచి ఒక సభ్యురాలు లేచి, గల్ఫ్‌లో ఉన్న ఆమె వస్తోంది సరే, ఈ మాటలు రాసిన ఆమె ఇంటికి ఎవరు పోతున్నారని అడిగింది. మంత్రిగారు కాగితం మడిచాడు. ఆమె మన దేశంలోనే ఉంది కాబట్టి నా శాఖ కిందికి రాదన్నాడు. ఎవరో నవ్వారు, ఇంకొందరు నవ్వారు. సభాపతి తర్వాతి ప్రశ్న పిలిచారు.

"ఎందుకమ్మా నవ్వినారు?" అంది హన్నమ్మ.

"నా గురించి పెద్దమ్మా," అంది కృపారాణి.

కోటేశ్వర్ ఆమె ముఖం చూడలేదు. తన ఫోను తీసుకుని వరండాలోకి పోయాడు. రెండు నిమిషాలకు ఆమె ఫోను మోగింది, దయాసాగర్. ఎత్తలేదు. మళ్లీ మోగింది, ఎత్తలేదు. ఇంటికి రా, మాట్లాడాలి అని మెసేజి వచ్చింది. పదమూడేళ్లలో దయాసాగర్ ఏనాడూ మాట్లాడాలి అనలేదు. కృపారాణికి చచ్చేంత భయం వేసింది. ఈ రోజు ఆ గడియ పడితే రేపు తను ఉండదు. ఆత్మకూరు వీధికి ఏ రాయబార కార్యాలయమూ రాదు. బల్ల మీది కాగితాలు సర్ది, సెలవు చీటీ రాసి పెట్టింది. హన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"నా బిడ్డకు నువ్వు తలుపు తీయించినావు. యాడికి పోతావో పద, నేనొస్తా."

ఇద్దరూ ఆత్మకూరులో బస్సు దిగి నేరుగా పోలీస్ స్టేషనుకు నడిచారు. దారి పొడుగునా ఫోను మోగుతూనే ఉంది. ఆమె రవిక చేయి పైకి మడవగానే హెడ్ కానిస్టేబులు కాలిన చోటు చూశాడు, ఊడిన పన్ను సందూ చూశాడు. తెల్ల కాగితం ఒకటి ముందుకు తోసి, జరిగింది నాలుగు ముక్కల్లో రాయమన్నాడు. కృపారాణి కుర్చీ ముందుకు లాక్కుంది.

"నాలుగు ముక్కల్లో అయ్యేది కాదు సార్. ఇంకో పది కాగితాలియ్యండి."