నాలుగు మూలలూ తెగిన స్పాంజి

మా ఆయనకు కిడ్నీ మార్చి పదకొండు నెలలైంది. ఇచ్చింది మా అత్తయ్య. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా వాడే మందులు మనిషికున్న రోగనిరోధక శక్తిని కూడా అణిచేస్తాయి. అందుకని ఇంటికి పంపే రోజు నర్సు నన్ను కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పింది. అందులో పది నిమిషాలు అంట్లు తోమే స్పాంజి గురించే.

ఆ రోజు నుంచి నాకు అదే లోకం. పొద్దున్నే స్పాంజిని సలసల కాగే నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచుతాను. చల్లారాక గట్టిగా పిండి, కిటికీ దగ్గర తీగకు క్లిప్పు పెట్టి ఆరేస్తాను. సోమవారం కొత్తది తీస్తాను. పాతదానికి కత్తెరతో ఒక మూల కత్తిరిస్తాను. మూల తెగిందంటే ఇక అది గిన్నెల జోలికి రాకూడదు. ఇంకో వారం సింకు తోమి చెత్తబుట్టలో పడాలి. ఇన్ని నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. ఆయన నన్ను ‘ఇన్‌స్పెక్టరు గారూ’ అని పిలిచేవారు. మొదట్లో నవ్వొచ్చేది. రానురాను నవ్వూ రాలేదు, విసుగూ రాలేదు. చేతులు వాటి పాటికి అవి చేసుకుపోయేవి.

అత్తయ్యకు మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

“బంగారంలాంటి స్పాంజి. పారేయడానికి చేతులెలా వస్తాయి అమ్మాయ్?”

“నర్సు చెప్పింది అత్తయ్యా.”

“నర్సుకేం, వెయ్యి చెప్తుంది.”

అక్కడితో మా గొడవ అయిపోయేది. వంటిల్లంతా నాకు వదిలేసింది కానీ, కొడుకు సాయంత్రం పాలు తాగే గ్లాసు మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తనే కడిగి తన అలమారలో పెట్టుకునేది. తల్లి కదా, పోనీలే అనుకున్నాను.

పోయిన మంగళవారం ఆయనకు కడుపులో తిప్పింది. బుధవారానికి జ్వరం. గురువారం ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

“పేగుల్లో ఇన్ఫెక్షన్. కిడ్నీ దెబ్బతినకుండా చూస్తున్నాం. రెండు మూడు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేను,” అన్నాడు డాక్టరు.

తలూపాను. ఏడుపొస్తుందేమోనని చూశాను, రాలేదు. ఇంటికొచ్చి స్పాంజి మరిగించాను. వండేది లేదు, తినేది లేదు, అయినా పిండి క్లిప్పు పెట్టి ఆరేశాను.

శనివారం ఆయన గ్లాసు ఆసుపత్రికి తీసుకెళ్దామని అత్తయ్య అలమార తెరిచాను. గ్లాసు వెనక ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత తీస్తే వాసన గుప్పుమంది. లోపల అయిదు స్పాంజిలు, అన్నీ నేను చెత్తబుట్టలో వేసినవే. ఒక మూల తెగి వంకరగా ఉన్నాయని కాబోలు, మిగతా మూడు మూలలూ కత్తిరించి గుండ్రంగా చేసుకుంది. అన్నిటికన్నా పైనున్నది ఇంకా తడిగానే ఉంది. దానికి మీగడ అంటుకుని ఉంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ పూట అది కూడా రాలేదు. డబ్బాను సంచిలో చుట్టి, వీధి చివర చెత్తకుండీలో పడేసి బస్సెక్కాను.

వార్డు బయట బెంచీ మీద అత్తయ్య ఒక్కతే కూర్చుని ఉంది. ఆపరేషన్ కోత ఉన్న పక్కను చేత్తో అదిమి పట్టుకుంది.

“జ్వరం దిగలేదట అమ్మాయ్. నేనిచ్చింది పాడైపోతుందా?” అని అడిగింది. “ఇంత జాగ్రత్తగా ఉన్నాం కదా. ఎక్కడ పొరపాటు జరిగిందంటావు?”

డబ్బా మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ చెయ్యి ఇంకా ఆ కోత మీదే ఉంది.

“పోయిన సోమవారం నేను స్పాంజి మరిగించలేదత్తయ్యా,” అన్నాను. “ఒళ్ళు బద్ధకించింది.”

ఒక్క రోజు తప్పలేదన్నదే ఈ పదకొండు నెలల్లో నేను చెప్పుకోగలిగిన గొప్ప. అదీ పోయింది.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆవిడ వార్డు తలుపు వైపు ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఈ మాట వాడి చెవిన పడనీకు,” అంది గొంతు తగ్గించి. “అడిగాడనుకో, నేను చేసిన పనేనని చెప్పు. నన్నయితే వాడేమీ అనడు.”

అప్పుడొచ్చింది ఏడుపు. ఆపుకోవడం నా వల్ల కాలేదు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నా ఆగలేదు.

“ఊరుకో, పిచ్చిదానా,” అంటూ అత్తయ్య నా వీపు నిమిరింది. “ఒక్కరోజుకే ఏమైపోతుంది?”